ఏం కూర?

మా జూలూరుపాడు వైపు సాయంత్రం ఆరు దాటాక ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుపడితే "బాగున్నావా" అని అడగరు. "ఏం కూర?" అని అడుగుతారు. బోరింగు దగ్గరా అదే ప్రశ్న, బస్సు దిగాకా అదే ప్రశ్న, పత్తి చేలోంచి వస్తూ గట్టు మీదా అదే ప్రశ్న. వినడానికి ఎంతో ఆప్యాయంగా ఉంటుంది. కాని జవాబు చెప్పి చూడండి! "వంకాయ" అంటే "అంతేనా?" అన్నట్టు చూస్తారు. "పప్పు" అంటే జాలి పడతారు. "ఏం లేదక్కా, పచ్చిపులుసు" అన్నారా, అయిపోయింది! మీ ఆయనకీ మీకూ మాటల్లేవనో, ఇంట్లో డబ్బుకి కటకటగా ఉందనో తెల్లారేసరికి వీధి వీధంతా తెలిసిపోతుంది.

నన్నడిగితే తెలుగునాట ఆడదాని సాయంత్రాన్ని మింగేస్తున్నది ఉద్యోగమూ కాదు, పొలమూ కాదు. ఈ రెండు మాటల ప్రశ్నే.

ఈ మాట ఇంత కటువుగా ఎందుకంటున్నానంటే, పత్రికల్లోనూ టీవీల్లోనూ ఇప్పుడు ఫోనుల్లోనూ కూడా ఒక శీర్షిక తెగ కనిపిస్తోంది. "తీరిక లేని తల్లిదండ్రులకు అరగంటలో ఆరోగ్యకరమైన శాకాహార భోజనం" అట! చదవగానే నోరూరవలసిన మాటే. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. అరగంటేనా? ఎవరి అరగంటండీ అది? ఆ వంటకం రాసిన మహాతల్లి మొదటి వాక్యమే "సన్నగా తరిగిన ఉల్లిపాయలు ఒక కప్పు, ఉడికించి పొట్టు తీసిన బంగాళాదుంపలు రెండు, తురిమిన కొబ్బరి అరకప్పు" అంటూ మొదలుపెడుతుంది. ఆ ఉల్లిపాయలు తరిగిందెవరు? బంగాళాదుంప తన పొట్టు తనే తీసుకుందా? కొబ్బరి తురిమిన చెయ్యి ఎవరిది? గడియారం మాత్రం బాణలి పొయ్యి మీద పెట్టిన తర్వాతే కదులుతుంది, బాణలి దించగానే ఆగిపోతుంది. ఆ బాణలీ, మిక్సీ గిన్నె, నాలుగు గరిటెలూ తోమే వేళకి గడియారం లేదు. ఇలాంటి లెక్కలు వేస్తే మా పత్తి రైతు కూడా లక్షాధికారే! దున్నిందీ, విత్తిందీ, మందు కొట్టిందీ, ఏరిందీ వదిలేసి అమ్మిన రోజు ఒక్కటే లెక్కపెట్టుకుంటే సరి.

ఇక "తల్లిదండ్రులు" అన్న మాట చూడండి. ఎంత మర్యాద! తల్లినీ తండ్రినీ ఒక్క పీట మీద కూర్చోబెట్టారు. కేంద్ర ప్రభుత్వం వారు 2024లో ఎవరు రోజంతా ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో దేశమంతటా అడిగి రాసుకున్నారు. జీతం బత్తెం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారట. ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. ఇందులో మగవాళ్ళ లెక్కలో చెయ్యి వేసేవారినే తీసుకున్నారని గమనించండి. అసలు వెయ్యని మహానుభావులు ఈ సగటులోకి రానే రారు. అంతకు ముందు 2019లో అడిగినప్పుడు ఇవే అంకెలు 299, 97. అంటే ఐదేళ్ళలో ఆవిడకి పది నిమిషాలు తగ్గితే, ఆయనకీ తొమ్మిది తగ్గాయి. ఆవిడకి తగ్గిన పది నిమిషాలు గ్యాసు పొయ్యి పుణ్యమో, మిక్సీ పుణ్యమో అయి ఉంటుంది. ఆయనకి ఎందుకు తగ్గాయో నాకు అంతు పట్టలేదు. మా ఇంట్లో అడిగితే పేపరు అడ్డం పెట్టుకున్నారు.

(నా నవలల్లో నాయిక ఎప్పుడు చూసినా వంటింట్లోనే ఉంటుందని ఓ పాఠకుడు ఉత్తరం రాశాడు. ఏం చెయ్యను నాయనా, నాయకుడికి స్టవ్వు వెలిగించడం రాదు!)

తీరిక లేనివాళ్ళంటే ఎవరో కూడా ఒకసారి మా ఊరొచ్చి చూడాలి. కార్తీకం మొదలు సంక్రాంతి దాటేదాకా పత్తి తీతలు. వంగిన నడుము వంగినట్టే సాయంత్రందాకా. ఆ వెంటనే మిరప కోతలు. తేజ మిరప కోసి వచ్చిన చేతులు రాత్రంతా మండుతాయి, ఆ చేతుల్తోనే పిల్లవాడికి అన్నం కలపాలి. కొత్తగూడెం నుంచో ఖమ్మం నుంచో బస్సులో వచ్చి పాఠాలు చెప్పి మళ్ళీ బస్సులో వెళ్ళే పంతులమ్మలున్నారు. సింగరేణి షిఫ్టుల లెక్కన మొగుడికి ఒక వేళా, బడిపిల్లలకి ఒక వేళా వడ్డించే ఇల్లాళ్ళున్నారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమయింది, సంతోషమే. టికెట్టు డబ్బులు మిగిలాయి. బస్సు దిగాక చెయ్యవలసిన నాలుగు వంటకాల్లో మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

అదీ నా గొడవ. నాలుగు వంటకాలు! ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పులుసో చారో, రోట్లో నూరిన పచ్చడి. పెద్దింటి పెళ్ళి విస్తరిని చూసి రోజూ రాత్రి ఎనిమిదింటికి మన వంటింట్లో వేషం వేస్తున్నాం. మా అమ్మమ్మల కాలంలో ఈ ప్రాంతంలో ఏ కాపుదనపు ఇంట్లోనైనా రాత్రి కుండలో ఉండేది జొన్న సంకటి, పక్కన ఒక్క పులుసో, ఇంత కూరాకో. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. ఎవరి పరువూ పోలేదు.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. రాత్రికి ఒక్క వంటకం చాలు. ఒక్కటే! తొందరగా వండడం ఎలాగో నేర్పించడం కాదు కావలసింది, తక్కువ వండడానికి సిగ్గుపడకపోవడం.

"ఒక్కటైతే బలమేముంటుంది?" అంటారని తెలుసు. సరే, లెక్కకే రండి. మన హైదరాబాదులోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి 1958లో ఇక్కడికి తరలివచ్చింది. వాళ్ళు 2024లో విడుదల చేసిన సూచనల్లో రోజుకి రెండువేల కేలరీలు తినే మనిషికి ధాన్యం 250 గ్రాములైతే పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు ఉండాలన్నారు. పాలు, పండ్లు, గింజలు సరేసరి. ఎన్ని గిన్నెల్లో ఉండాలో మాత్రం ఎక్కడా చెప్పలేదు! వేపుడు వేరే, పులుసు వేరే, పప్పు వేరే ఉండి తీరాలని ఏ శాస్త్రవేత్తా అనలేదు. అన్నది మన అత్తగార్లు.

ఒక్క గిన్నెలో అన్నీ పడే వంట మనకి లేకనా? నలుగురికి గ్లాసున్నర బియ్యం, ముప్పావు గ్లాసు పెసరపప్పు కడిగి కుక్కర్లో వెయ్యండి. సొరకాయ ఉంటే సొరకాయ, లేకపోతే బీరకాయ, అదీ లేకపోతే దొడ్లో మునగాకు రెండు గుప్పిళ్ళు దూసి పడెయ్యండి. పసుపు, ఉప్పు, దంచిన మిరియాలు, జీలకర్ర. నీళ్ళు కాస్త ఎక్కువే పొయ్యండి, జారుగా ఉంటే పిల్లలకి మింగుడు పడుతుంది. నాలుగు కూతలు. దించాక చెంచాడు నెయ్యో నూనెలో కరివేపాకు తాలింపో. అంతే కిచిడీ. బియ్యంలో కొరవడిన మాంసకృత్తు పప్పులో ఉంటుంది, పప్పులో కొరవడింది బియ్యంలో ఉంటుంది. రెండూ కలిసినప్పుడే ఒంటికి పూర్తిగా పడుతుంది. మన ముసలమ్మలకి ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు, పసిపిల్లకి మొదటి ముద్ద పెసరపప్పు అన్నమే పెట్టారు.

కుక్కరు కూతలేసి చల్లారేలోగా పచ్చిపులుసు. పేరులోనే ఉంది, దీనికి పొయ్యి అక్కర్లేదు. నిమ్మకాయంత చింతపండు నానేసి పిసికి, మంట మీద చూపించిన పచ్చిమిరపకాయలు ఉప్పుతో నలిపి, ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర, చిటికెడు జీలకర్ర పొడి, ఇష్టమైతే బెల్లం ముక్క. మా వైపు కొందరు వేయించిన నువ్వుల పొడి కలుపుతారు, ఆ రుచి వేరు. పది నిమిషాలు. అది కూడా తరుగుడూ కడుగుడూ అన్నీ కలిపి చెబుతున్నాను, పత్రికల పది నిమిషాలు కాదు! ఇంత గొప్ప వంటకాన్ని పట్టుకుని "ఏం లేదు, పచ్చిపులుసు" అంటామే, "ఏం లేదు" ఎందుకు వచ్చి చేరిందక్కడ?

ఇంకో మాట గుడాలు. మా తెలంగాణలో బొబ్బర్లో శనగలో ఉడకబెట్టి తాలింపు వేస్తే గుడాలు. పొద్దున్న పనికి పోతూ నీళ్ళలో పడేసి పోవడమే, సాయంత్రం వచ్చి ఉడకెయ్యడమే. ఇంత ఉల్లిపాయ, నిమ్మచెక్క. బడినుంచి వచ్చిన పిల్లలు గిన్నె నాకేస్తారు. దాన్ని మాత్రం మనం తిండి కింద లెక్కపెట్టం, "చిరుతిండి" అంటాం. అన్నం పక్కన కూర లేకపోతే అది భోజనం కాదట! పెసరట్టు సంగతీ అంతే. పొద్దున్న నానేసిన పెసలు సాయంత్రానికి రుబ్బుకోవచ్చు, పులియబెట్టే పని లేదు. రాత్రికి ఇద్దరికి రెండేసి అట్లూ మజ్జిగా ఇస్తే ఏ లోటూ లేదు. కాని "రాత్రి పూట టిఫిన్ పెట్టి పడుకోబెట్టింది" అనే మాట ఊళ్ళో ఎన్నాళ్ళు తిరుగుతుందో మీకు తెలుసు.

ఉలవచారు మాత్రం ఈ జాబితాలో చేర్చను. దాన్ని సులభమన్నవాళ్ళు ఎప్పుడూ కాచలేదన్నమాట.

ఇప్పుడు జొన్నల ముచ్చట వచ్చింది కాబట్టి చెప్పాలి. 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది, అడిగింది మన దేశమే. అప్పట్నుంచి కొర్రలు, సామలు, జొన్నరవ్వ అందమైన పొట్లాల్లోకి ఎక్కాయి. అట్ట మీద ఒక సన్నని అమ్మాయి బొమ్మ. ఏజెన్సీ పల్లెల్లో కోయవాళ్ళు తరతరాలుగా తాగిన జొన్న అంబలిని మనమే కదా "బీదల గంజి" అన్నాం? 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న కుండ అటకెక్కింది. ఆ బియ్యం ఆకలి తీర్చింది, దాన్ని తప్పుపట్టేవాళ్ళు ఆకలి ఎరగనివాళ్ళు. కాని తెల్లన్నం తినడం హోదా, జొన్న తినడం నామోషీ అని మనసుల్లో నాటుకున్నది మన పుణ్యమే. ఇప్పుడదే జొన్నని డాక్టరుగారు చీటీ మీద రాస్తే ఎక్కువ డబ్బు పెట్టి కొంటున్నాం. జొన్నరవ్వ ఉప్మా ఇరవై నిమిషాల పని, కూరముక్కలూ గుప్పెడు పెసరపప్పూ అందులోనే పడతాయి. దానికి అట్ట మీద బొమ్మ అవసరం లేదు. ఊళ్ళో గిర్నీ ఉంది.

శాకాహారం అనగానే కొందరికి కోపం వస్తుంది, ఇదేదో మడి కట్టుకున్న మాట అని. కాదు. 2014లో కేంద్రం వారి నమూనా సర్వేలో మన తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. నేనూ ఆ జాబితాలోనే ఉన్నాను, ఆదివారం నా ఇంటికి రండి, తెలుస్తుంది. కాని సోమవారం నుంచి శనివారం దాకా రాత్రి మన కంచంలో ఉండేది ఏమిటి? పప్పూ చారూ కూరాకూ. ధర్మం వల్ల కాదు, ధర వల్ల. అందుకే ఈ చర్చ మతానిది కాదు, వారంలో ఆరు రాత్రుల బలానిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్ళలో నూటికి 57.6 మందికి రక్తహీనత. ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70. నాలుగు వంటకాలు వండిన ఆడది చివర్న కూర్చుని తినేది ఏమిటో ఆ అంకె చెబుతోంది. పప్పు మొగుడికి, వేపుడు పిల్లలకి, గిన్నె అడుగున చారు తనకి. ఒక్క గిన్నెలో అన్నీ ఉంటే ఆఖరి ముద్దలో కూడా పప్పుంటుంది, ఆకుంటుంది. కిచిడీలోంచి పప్పు ఏరి ఒకరికి, మెతుకులు ఒకరికి పెట్టడం కుదరదు కదా! పైన ఒక నిమ్మచెక్క పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. దీనికి ఖర్చేమీ లేదు.

కర్రీ పాయింట్లున్నాయిగా అనే నాగరికులూ ఉన్నారు. ఖమ్మంలో సాయంత్రం ఏడింటికి నిలబడి చూశాను. సలసలా కాగే సాంబారు పల్చని ప్లాస్టిక్ కవర్లో పోసి మూతి ముడేసి ఇస్తున్నారు. నాలుగు కవర్లు, నాలుగు రకాలు! చూశారా, కొనుక్కున్నా నాలుగే. ఉప్పూ నూనే వాళ్ళ చేతిలో, పరువు మన చేతిలో. తప్పనిసరి రోజున కొనుక్కున్నవారిని నేనేమీ అనను. ఆ కవరు ఇంటికొచ్చి గిన్నెలో పోసి వండినట్టు నటించవలసి రావడం చూస్తేనే నా కడుపు తరుక్కుపోతుంది.

మగవాళ్ళ వాదన కూడా వినాలి కదా. "రోజంతా కష్టపడి వస్తాం, నోటికి నాలుగు రుచులుండొద్దా?" ఉండాలి. తప్పకుండా ఉండాలి. నువ్వులపొడి, కరివేపాకు పొడి, అవిసె గింజల పొడి, సీసాల్లో నెలల తరబడి నిలవుంటాయి. ఆదివారం మధ్యాహ్నం క్రికెట్టు చూస్తూ వేయించి దంచితే నాలుగు రుచులేం ఖర్మ, ఏడు వస్తాయి. వేయించడం మాత్రం రుచులు అడిగినవారే.

"పిల్లలు తినరమ్మా" అనేది రెండో వాదన. రెండు నిమిషాల నూడుల్సు వచ్చిన 1980ల నుంచీ ఈ మాట వింటున్నాం. ఇంట్లో నాలుగు రకాలుంటే పిల్లలు మూడు మానేసి వేపుడు తింటారు. ఒక్కటే ఉంటే మొదటి రెండు రోజులు అలుగుతారు, మూడో రోజు తింటారు. ఆకలికి మించిన ఊరగాయ లేదు.

ఇవన్నీ సరదాకి అంటున్న మాటల్లాగే ఉన్నాయేమో, అసలు నా కడుపుమంట ఇంకోచోట ఉంది. మిరప కోతలూ పదో తరగతి పరీక్షలూ రెండూ మార్చిలోనే వస్తాయి. తల్లి చేనుకి పోతే ఆ నాలుగు వంటకాల బరువు ఎవరి మీద పడుతుంది? కొడుకు మీదా? కొడుకు ట్యూషన్‌కి పోతాడు. పదిహేనేళ్ళ ఆడపిల్ల లెక్కల పుస్తకం మూసి బియ్యం ఏరుతుంది, ఒక పొయ్యి మీద పప్పు, రెండో పొయ్యి మీద వేపుడు మాడకుండా చూస్తుంది. ఎనిమిదింటికి పుస్తకం తెరిస్తే కళ్ళు మూతలు పడతాయి. ఫలితాలొచ్చాక "దీనికి చదువు అబ్బలేదు" అని తేల్చేస్తారు. ఆ అమ్మాయికి అబ్బనిది చదువు కాదు, రోజుకి రెండు గంటలు. 1999లో దీపం పథకం కింద సిలిండర్లొచ్చి కట్టెల పొగ తప్పింది, అడవిలోకి పోయి మోపు మోసుకొచ్చే పని తగ్గింది. అలా మిగిలిన గంటలో మనం ఇంకో కూర చేర్చాం!

సర్కారు వారికీ ఓ మాట. 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, అన్నం ముత్యాల్లా ఉంటోంది, దండం. కాని 2013లో అమ్మహస్తం అని ఒక పథకం వచ్చింది గుర్తుందా? కందిపప్పు, చింతపండు, కారం, పసుపు, ఉప్పు, నూనె, ఇంకా గోధుమలూ పిండీ పంచదారా, తొమ్మిది సరుకులు 185 రూపాయలకి. అది ఎక్కువ కాలం నిలవలేదు. ఒక్క గిన్నె భోజనానికి బియ్యం సంచిలో సగం సంగతే ఉంది, మిగతా సగం పప్పు డబ్బాలో ఉంది. కందిపప్పో పెసరపప్పో, ఆ సంచి పక్కన ఓ రెండు కిలోలు పెట్టండి. సమతులాహారం గురించి గోడల మీద రాయించే రంగు ఖర్చు మిగులుతుంది.

ఇంట్లో చెయ్యవలసింది ఇంకా సులువు. పదేళ్ళు దాటిన మగపిల్లవాడిని పీట వేసి కూర్చోబెట్టి, చింతపండు గిన్నె ముందు పెట్టండి. పిసకడం వాడికి ఇష్టమే, బురదలో ఆడినంత హాయిగా పిసుకుతాడు. ఉప్పు మాత్రం మొదట్లో మీరు వెయ్యండి, రెండోవారం నుంచి వాడికే వదిలెయ్యండి. ఆ వేళకి అక్క పక్కగదిలో లెక్కలు చేసుకుంటూ ఉంటుంది. వీధిలోంచి ఎవరైనా "ఏం కూర?" అని కేకేస్తే, జవాబు కూడా వాడినే చెప్పమనండి.